మూడు వేళ్ళ తుపాకీ

మంగళవారం పొద్దున బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా ఫోన్ వచ్చింది. "నాన్న పోయారండీ. మీకు మర్చిపోకుండా చెప్పమన్నారు," అంది మా లేత్ మేస్త్రీ గారి కూతురు. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నా నా బండి కదల్లేదు. ఆయనకి ఒక మాట ఇచ్చాను. ఇక అది తీరదు.

నేను రాస్తున్న నవలలో మనుషులు వేరే గ్రహం మీద చిత్తడి నేలల్లో బతుకుతుంటారు. అందులో యుద్ధానికి వెళ్ళే ఒక పిల్ల చేతికి తుపాకీ కావాలి. నీలం లైట్లూ గాజు గొట్టాలూ పెట్టి బొమ్మ గీసుకున్నాను. ఇనుము గురించి నాకు ఓనమాలు రావు గనక, మా వీధి చివర షెడ్డులో ఉండే మేస్త్రీ గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చాలాసేపు చూశారు.

"ఊరేగింపుకి బాగుంటదండీ రైటరు గారూ. మరి బురదలో పడితేనో?"

ఆయన జీవితమంతా లేత్ మిషన్ మీద ఇనుము తిప్పి చెక్కి, పొలాల్లో నీళ్ళు తోడే ఆయిలింజన్లకి సామాన్లు చేశారు. కంకిపాడు రైతు ఒకాయన తెచ్చిచ్చిన పొలం బురద, షెడ్డు మూల బకెట్టులో ఎప్పుడూ ఉండేది. చేసిన ప్రతి సామానూ అందులో ముంచి, మర్నాడు తీసి, కడక్కుండానే బిగించి చూసేవారు. తిరిగితేనే రైతు చేతికి ఇచ్చేవారు. "కడుక్కుని చూసుకునే తీరిక చేలో ఎవడికుంటదండీ?" అనేవారు.

అలా నా తుపాకీకి లైట్లు ఊడాయి. స్క్రూలూ పోయాయి. చేత్తో విప్పి చేత్తో బిగించుకునేట్టు, చెక్కా ఇనుమూ కలిపి, పేలని నమూనా ఒకటి చేసి పెట్టారు. నేను పట్టుకుంటే పిడి కుదరలేదు. ఆయన కుడిచేతికి చివరి రెండు వేళ్ళు లేవు, ఎప్పుడో మిషన్లో పోయాయి. పిడిని ఆ మూడు వేళ్ళకే చెక్కారు.

"యుద్ధంలో అందరికీ అయిదు వేళ్ళూ మిగులుతాయేంటండీ? లేనోడికి కుదిరితే ఉన్నోడు సర్దుకుంటాడు."

రాసిన అధ్యాయాలు సాయంత్రాలు షెడ్డులో చదివి వినిపించేవాణ్ణి. ఆయన తుపాకీ గురించి అడిగేవారు కాదు. "ఇంతకీ ఆ పిల్ల దాన్ని ఆఖరికి కింద పెడతదా, లేదా?" అదొక్కటే కావాలి. నాకే తెలియదు. చివరి అధ్యాయం రాయగానే ముందు మీకే చదువుతానని మాట ఇచ్చాను.

తర్వాత వరదొచ్చింది. షెడ్డులో రోజుల తరబడి నడుంలోతు నీళ్ళు. తీశాక ఇద్దరం వెళ్ళాం. ఆయన లేత్ చక్రం తిప్పబోయారు, కదల్లేదు. బల్లకింద ఒండ్రులోంచి నమూనా లాగి, కడక్కుండానే దాని మీట వెనక్కి లాగారు. టక్కున కదిలింది. నేను సంబరంగా నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"మీ ఉత్తుత్తి తుపాకీ పాసయిందండీ. నా మిషనే పోయింది," అని ఆయన అక్కడే బురదలో కూలబడ్డారు. ఊళ్ళోవాళ్ళ సామానంతా బురదలో ముంచి చూసిన మనిషి, నీళ్ళు గుమ్మం దాటవన్న ధీమాతో సొంత లేత్ మీద తుప్పు పట్టకుండా చారెడు గ్రీజైనా పుయ్యలేదు.

ఇక షెడ్డు తెరవలేదు. మంచం పట్టారు. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా "పెట్టిందా అండీ?" అనేవారు. "ఇంకా లేదండీ," అనేవాణ్ణి. నోటికొచ్చిన ముగింపు ఏదో ఒకటి చెప్పినా ఆయన సంతోషించేవారు. గొప్ప ముగింపు దొరకాలన్న గీర నాది. చివరిసారి ఆయన ఆ ప్రశ్న అడగలేదు. "తొందరేం లేదులెండి," అన్నారు. ఆయన నన్ను క్షమించేశారు. నన్ను నేను క్షమించుకోలేను.

నమూనాని వాళ్ళమ్మాయి నాకే ఇచ్చేసింది. చెక్క సందుల్లో ఒండ్రు ఇంకా అలాగే ఉంది. చివరి అధ్యాయం రాద్దామని నిన్న కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు. ఎవరికి చదవను? నమూనా ఒళ్ళోకి తీసుకుని, చివరి రెండు వేళ్ళు మడిచి పట్టుకున్నాను. పిడి అప్పుడు కుదిరింది. ఆ పిల్ల ఏం చేస్తుందో ఇప్పటికీ తెలియదు మేస్త్రీ గారూ. నేను మాత్రం దాన్ని కింద పెట్టలేకపోయాను.