చైను పడని రోజు

సర్వీసు చేసిన బండిని ఒకసారి పరుగెత్తించి చూద్దామని గోవాడ రోడ్డెక్కిన మెకానిక్ సత్తిబాబుకి, చెరుకు చేల మధ్య కల్వర్టు దగ్గర రామ్మూర్తిగారు కనిపించారు. ఆయన గొంతుక్కూర్చుని ఉన్నారు. పక్కన స్టాండేసిన ఆయన మోటారు బండి. హ్యాండిల్‌కి టిఫిన్ క్యారేజీ.

రామ్మూర్తిగారిని ఎరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. ఆయనకున్న గుణం అదొక్కటే: బండి చైను మార్చరు. అరగనిస్తారు, సాగనిస్తారు, పడనిస్తారు, పడ్డాక నడిపించుకుపోతారు గాని మార్చరు. చైను పడని రోజున ఆయనకి ప్రయాణం చేసినట్టే ఉండదని చోడవరంలో చెప్పుకుంటారు.

వింత ఏమిటంటే, ఇప్పుడా బండికి చైనూ, ముందూ వెనకా పళ్ళచక్రాలూ కొత్తవి. వారం కిందట సత్తిబాబే వేశాడు.

"ఏటి బాబూ సేస్తన్నారు?" అన్నాడు బండి దిగి.

"కనబడతంది కదా. లూజు సేస్తన్నాను."

"ఎందుకండి?"

"పడతాదేమోనని."

"పడకుండా ఉండాలనే కదండి నేనేసింది."

"అదేరా నువ్వు సేసిన తప్పు," అన్నారు రామ్మూర్తిగారు, పానా పక్కన పెట్టి.

నాలుగు ఊళ్ళు తిరిగినవాళ్ళకి తెలుస్తుంది, ప్రతి ఊరికీ తనదైన చప్పుడొకటి ఉంటుంది. కొన్ని ఊళ్ళకి మగ్గం, కొన్నిటికి సముద్రం, కొన్నిటికి పొద్దున్నే లేచి పోట్లాడుకునే ఇరుగుపొరుగు. చోడవరానికి కొంతకాలంగా పొద్దుటి చప్పుడు రామ్మూర్తిగారి చైను. టకటకమని మొదలై, బస్సులు ఆగే చోటు దాటేసరికి ఎముకలు విరుస్తున్నట్టు వినిపించేది. ఆ చప్పుడు విని స్టవ్ వెలిగించుకునే ఇల్లాళ్ళు ఉండేవారు.

ఆయన పేదవారేం కాదు. ఎరువుల కొట్టు నడిపి మానేసిన మనిషి. అందుకే సత్తిబాబుకి అంత ఒళ్ళు మంట. ఒకనాడు వెనక పళ్ళచక్రం చూపించి మరీ చెప్పాడు.

"పళ్ళు సూడండి బాబూ. వంకీలు తిరిగిపోయేయి. వీటి మీద సైను నిలవదు."

"నా నోట్లో ఎన్ని ఉన్నాయో సూసేవా? అన్నం మానీసేనా?"

"పోనీ సైనొక్కటీ మార్సితే సాలదండి. అరిగిన పళ్ళమీద కొత్త సైను ఏస్తే అదీ పాడయిపోద్ది. మారిస్తే మూడూ మార్సాల."

"అయితే మూడూ ఉంచీ."

ఇంకోనాడు జాలిపడి, చైనుకి పట్టిన మడ్డి అంతా డీజిల్‌తో కడిగి, ఆయిలు పోసి పంపాడు. రామ్మూర్తిగారు వీధి మలుపు తిరగ్గానే దాన్ని భుజమ్మీది తువ్వాలుతో తుడిచేశారు. మర్నాడు ఆయన భార్య తాయారమ్మ ఆ తువ్వాలు పట్టుకుని షాపుకొచ్చింది. "ఒరే సత్తీ, ఏటిరా ఇది? బండికి నూనె రాయమంటే మా ఆయనకి రాసేవా?" అని నిలదీసింది.

చైను మీది కవరు కూడా ఆయనే పీకించేశారు. "దానికి ఊపిరాడతం లేదురా," అన్నారు. మట్టి పడుతుందని సత్తిబాబు మొత్తుకుంటే, "మట్టిలో పుట్టినోళ్ళం, మట్టి పడితే ఏటవుద్ది," అని వెళ్ళిపోయారు.

ఇదంతా సత్తిబాబు భరించేవాడే. భరించలేనిది దాసు టీ కొట్టు. రామ్మూర్తిగారు బండిని నెట్టుకుంటూ వెళ్తుంటే దాసు గ్లాసులు కడుగుతూ అందరికీ వినబడేలా అనేవాడు: "అదిగో, సత్తిబాబు సర్వీసు సేసిన బండి. మేపడానికి తోలుకెల్తన్నారు."

ఆ మాట తట్టుకోలేకే, బ్రేకు చూడమని వదిలి వెళ్ళిన పూట, అడక్కుండా మూడూ మార్చేశాడు సత్తిబాబు. ఊరికే చేశాడు. సాయంత్రం రామ్మూర్తిగారు వచ్చి బండెక్కి, కాస్త దూరం వెళ్ళి, వెనక్కి వచ్చారు.

"సప్పుడేదిరా?"

"కొత్తదండి. సప్పుడుండదు."

"పాతయ్యేవి?"

"పాత ఇనుమోడికి ఇచ్చీసేను."

రామ్మూర్తిగారు ఒంగి కొత్త చైనుని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశారు. పెద్దాయన సంతోషం పట్టలేకపోతున్నాడనుకున్నాడు సత్తిబాబు. ఆ రాత్రి ఇంట్లో కూడా అలాగే చెప్పుకున్నాడు.

ఇప్పుడు కల్వర్టు మీద కూర్చుని, ఆయన అసలు సంగతి చెప్పారు.

"మా బావ పెదబాబుని ఎరుగుదువు కదా."

ఎరగకేం. తాయారమ్మకి అన్నగారు. ఆ ముందు మలుపులోనే ఇల్లు. ఉద్యోగమంతా సుగర్ ఫ్యాక్టరీలో, చెరుకుని మిల్లులోకి మోసుకెళ్ళే పెద్ద చైను దగ్గర గడిపిన మనిషి. చెరుకు ఆడే క్రషింగ్ రోజుల్లో ఆ చైను పళ్ళ మీంచి తప్పితే మిల్లంతా ఆగిపోతుంది. పెదబాబు విస్తరి ముందు నుంచి కూడా లేచి పరుగెత్తేవాడని చెప్పుకునేవారు. ఆయన భార్య నరసమ్మ పోయాక, వరండాలో మంచమ్మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. మాట లేదు, తిండి లేదు.

"మా తాయారమ్మ రోజూ క్యారేజీ కట్టి నాకిచ్చేది. 'అక్కడెట్టు బావా' అనీవోడు. సాయంత్రం ఎల్తే ఎట్టింది ఎట్టినట్టే ఉండీది. ఒకరోజు ఆళ్ళ గుమ్మం ముందే సైను పడింది. నిజంగానే పడిందిరా. నేను అటూ ఇటూ సూస్తన్నాను. 'అలా నిలబడ్డావేటి బావా, తప్పుకో' అని లేచొచ్చేడు. సైనెక్కించేడు. నన్ను తిట్టేడు. సేతులు కడుక్కున్నాడు. కడుక్కున్న సేతులు పెట్టుకుని ఏటి సేస్తాడు? కూసుని నాలుగిడ్లీ తిన్నాడు."

"మర్నాడండి?"

"మర్నాడు పడలేదు. తినలేదు. ఆ మర్నాటి నుంచీ పడీలాగ నేనే సూసుకున్నాను."

"మరి ఈ వారం?"

"నీ పుణ్యమా అని బండి పెళ్ళికొడుకులాగ ఎల్లి గుమ్మంలో ఆగుతంది. క్యారేజీ నిండుగా ఎనక్కొస్తంది."

"నాకొక్క మాట సెప్పొచ్చు కదండి."

"నీకు సెప్తే దాసుగాడికి తెలుస్తాది. ఆడికి తెలిస్తే మా బావకి తెలుస్తాది. తెలిసేక లేస్తాడేటి?"

అన్నాళ్ళూ తను పిసినారితనమనుకున్నది, దాసు కొట్లో నలుగురి ముందూ అన్నది, అన్నీ సత్తిబాబుకి వరసగా గుర్తొచ్చాయి. వంకీలు తిరిగిన ఆ ఇనప చక్రం ఒక మనిషికి అన్నం పెడుతూ ఉండేది. దాన్ని తూకానికి వేసేశాడు.

"లూజు సేసినా దానంతటది పడదు బాబూ," అన్నాడు చివరికి. "పళ్ళు కొత్తవి. మీరు లెగండి."

చైను రెండు కొసల్నీ కలిపేచోట చిన్న లాకు ఉంటుంది. దాని మూసిన కొస బండి వెళ్ళే దిక్కుకి ఉండాలి. తిరగేస్తే ఎప్పుడో ఒకప్పుడు ఊడిపోతుంది. పనిలో చేరిన కొత్తలోనే ఎవరికైనా తెలిసిపోయే సంగతి. సత్తిబాబు జేబులోంచి ప్లయరు తీసి ఆ లాకుని తిరగేసి పెట్టాడు. అంత చిన్న పనికి అంతసేపు అతనికెన్నడూ పట్టలేదు. తర్వాత చైనుని చక్రం మీంచి జార్చేశాడు. సత్తిబాబు తెచ్చిన బండిని కల్వర్టు దగ్గరే ఉంచి, ఇద్దరూ రామ్మూర్తిగారి బండిని నెట్టుకుంటూ మలుపు తిరిగారు.

పెదబాబు మంచమ్మీద గోడకేసి కూర్చుని ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి.

"బావా, సైను పడింది," అన్నారు రామ్మూర్తిగారు.

పెదబాబు తిరగలేదు.

"కొత్తది ఏయించేను. అయినా పడింది."

"కొత్తది పడదు," అన్నాడు పెదబాబు గోడతోనే.

"పడింది కదా."

"పడదంటన్నాను కదా."

"అయితే నేను అబద్ధమాడతన్నానేటి?"

పెదబాబు కాళ్ళు కింద పెట్టాడు. లేచాడు. వచ్చి బండి పక్కన చతికిలబడి, చైను మీద వేలు పెట్టి ఒక్కొక్క లింకే తడుముకుంటూ వచ్చాడు. లాకు దగ్గర వేలు ఆగింది.

"ఎవడేసేడిది?"

సత్తిబాబు ఒక్క క్షణం దాసు టీ కొట్టుని తలుచుకున్నాడు. "నేనేనండి."

"లాకు ముందేదో ఎనకేదో తెలీకుండా మెకానిక్కువి ఎలాగయ్యేవురా?"

"పరాకునండి."

"ఈ లూజేటి? దీని మీద బట్టలారేసుకోవచ్చు. పానా ఇలాగియ్యి. నువ్వు ముట్టుకోకు."

సత్తిబాబు తన పానా ఇచ్చాడు.

"నేను ముందే సెప్పేను బావా, ఈడికి పని రాదని," అన్నారు రామ్మూర్తిగారు. సత్తిబాబు ఆయనకేసి కొరకొరా చూశాడు. ఆయన మబ్బులు చూస్తున్నారు.

లాకు సరిచేసి, చైనెక్కించి, చక్రం వెనక్కి లాగి, వేలితో నొక్కి చూసి, మళ్ళీ నొక్కి చూసి, పెదబాబు లేచాడు. సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నాడు. కడుక్కున్న చేతుల్ని కాసేపు చూసుకుని, హ్యాండిల్‌కి ఉన్న క్యారేజీ తీశాడు.

"సెట్నీలో ఉప్పు లేదు," అన్నాడు, రెండో ఇడ్లీ తుంచుతూ. "సెల్లికి సెప్పు."

వారం రోజుల పస్తు ఒక్క పూటలో తీరేది కాదు. రేపటికి ఈ బండిలో ఏం పాడుచెయ్యాలా అని సత్తిబాబు ఆలోచించడం మొదలుపెట్టాడు.

తినడం అయ్యాక పెదబాబు మూతి తుడుచుకుని, పానా చేతిలోకి తీసుకున్నాడు. "నడిపించు బావా. సప్పుడినాల."

రామ్మూర్తిగారు హ్యాండిల్ పట్టుకున్నారు. పెదబాబు వెనక చెయ్యి వేసి, చైనుకేసి తల వంచి నడిచాడు. రోడ్డెక్కాక రామ్మూర్తిగారి గొంతు వినిపించింది.

"బ్రేకు కూడా ఈడే ఏసేడు బావా. రేపు అదీ సూద్దువు గాని."

"ఈడి సేతికి బండెలాగిస్తావు బావా నువ్వు?"

రామ్మూర్తిగారు వెనక్కి తిరిగి చూడలేదు, వెళ్ళొస్తానన్న మాటా లేదు. చెరుకు చేల మలుపులో ఇద్దరూ కనబడకుండా పోయారు. సత్తిబాబు పానా కూడా వాళ్ళతోనే వెళ్ళిపోయింది.