బాండ్ రాసిన లెక్చరరు, పాల్వంచ ప్రయాణాలు

1980ల మొదట్లో నేను విశ్వవిద్యాలయంలో సహాయ రిజిస్ట్రారుగా సిబ్బంది విభాగం చూసేవాణ్ణి. మా ఖర్చుతో విదేశాల్లో శిక్షణకు వెళ్లే అధ్యాపకులు, తిరిగొచ్చాక అయిదేళ్లు మా దగ్గరే పనిచేస్తామని బాండ్ రాసివ్వాలి. అంతకుముందు ఇద్దరు దాన్ని ఖాతరు చేయకుండా వెళ్లిపోయారు. అప్పట్నుంచీ తిరిగొచ్చిన ప్రతివారినీ అనుమానంగానే చూసేవాళ్లం.

డాక్టర్ రెహానా ఖమ్మంలో ఒక బట్టల వ్యాపారి కూతురు. మట్టి పరీక్షల్లో శిక్షణ పొంది వచ్చారు. ఏడాది తిరక్కముందే, ఆదివారాలు ఆమె పాల్వంచలో ఒక ఫ్యాక్టరీకి వెళ్తున్నారని రిజిస్ట్రారుకు ఎవరో చేరవేశారు. అనుమతి లేకుండా బయట పనిచేయడం నిబంధనలకు విరుద్ధం. ఆమెకు తెలియకుండా చూసి రమ్మని నన్ను పంపారు.

ఫ్యాక్టరీ గేటు ఎదుట హోటల్లో టీ తాగుతూ కూర్చున్నాను. భుజాన బరువైన సంచితో ఆమె బస్సు దిగారు. కాపలాదారు ఏమీ అడక్కుండానే గేటు తీశాడు. నా అనుమానం బలపడింది. అతన్ని కదిపి చూశాను.

"మేడమా? ల్యాబుకు వస్తది సార్. ఇక్కడ్నే నౌకరిల చేరుతదంటున్నరు," అన్నాడు.

సాయంత్రం ఆమె బయటికొచ్చి, నన్ను గుర్తుపట్టి నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చారు.

"నేను పారిపోతనేమోనని చూడనీకి వచ్చిండ్రా సార్?"

దాచి లాభం లేదు. అవునన్నాను. ఆమె సంచి విప్పారు. ములకలపల్లి దగ్గర అడవి అంచు చేలల్లోని మట్టి, పొట్లాలు కట్టి ఉంది.

"యూనివర్సిటీల నాకు హాస్టల్ వార్డెన్ పని అప్పజెప్పిండ్రు. మట్టి పరీక్ష చేసే మిషన్ ఇంకా పెట్టెలనే ఉంది. నేర్చుకున్నది మర్చిపోతనని ఇక్కడికొస్తున్న. వీళ్లు ల్యాబు వాడుకోనిస్తున్నరు."

"నౌకరి ఇస్తమన్నరా అమ్మా?"

"అవ్ సార్. నేనింకా ఏం చెప్పలే. మీరు రిపోర్టుల ఏం రాస్తరో చూసి చెప్త."

అది బెదిరింపో, ఉన్నమాటో బస్సు ఖమ్మం చేరేదాకా తేల్చుకోలేకపోయాను. కంపెనీ పిలుపుతో సహా విన్నదంతా రాశాను. వార్డెన్ పని తప్పించి ఆమెకు ల్యాబు ఏర్పాటు చేయాలని సిఫార్సు చేశాను. ఆమె ఆడించినట్టు ఆడుతున్నానని రిజిస్ట్రారు విసుక్కున్నారు. నెలల తరబడి వెంటపడితేగాని ఆ రెండూ జరగలేదు.

బాండ్ గడువు ముగిసిన వారం ఆమె నా దగ్గరికి వచ్చారు. రాజీనామాకే అనుకున్నాను. విద్యార్థులను ములకలపల్లి తీసుకెళ్లాలి, జీపు కావాలన్నారు.

ఆ తర్వాత విదేశీ శిక్షణకు ఎవరి పేరు వచ్చినా, తిరిగొచ్చాక వీరికి ఏ పని ఇస్తారని ముందుగా వారి శాఖనే అడిగేవాణ్ణి. జవాబు లేకపోతే ఆ ప్రతిపాదనను వెనక్కి పంపేవాణ్ణి.