పిడికెడు బియ్యం గురించి నేను చెప్పినది

మా మేడమీద గదిలో కొన్నాళ్లు అద్దెకున్న ఒకామెకు సత్తెనపల్లిలో ఒక ఆసుపత్రివాళ్లు నర్సు ఉద్యోగం ఇవ్వబోతున్నారు. ఆమె ఎలాంటి మనిషని పోయిన వారం మా వీధిలో వాకబు చేశారు. తుపాకులు పట్టినవాళ్లకు బియ్యం పోగేసేదని వీధి చెప్పింది. ఆ మాట నా నోటి నుంచే మొదలైంది.

ఆమెది బర్మా కొండల్లో ఒక ఊరు. యుద్ధంలో సైన్యం వాళ్ల చర్చిని, ఇళ్లను కాల్చేసింది. ఆమె ఎలాగో ఇటు వచ్చి గుంటూరులో నర్సింగు చదివింది. మాది పౌరోహిత్యం చేసే కుటుంబం. నేను బడిలో లెక్కలు చెబుతాను. ఆమె చేసే ప్రతి పనీ నాకు వింతే. అన్నం వండేటప్పుడల్లా, కడగబోయే ముందు, గిన్నెలోంచి పిడికెడు బియ్యం తీసి ఒక డబ్బాలో వేసేది. మా అమ్మ కాకికి ముద్ద తీసిపెట్టేది కాబట్టి, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

"పెద్దలకా అమ్మా?" అని అడిగాను.

"కాదండి, ఆకలి ఉన్నవాళ్లకి. మా ఊర్లో ప్రతి ఇంట్లో తీస్తారు. ఆదివారం చర్చికి ఇస్తాం."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ మిరపకాయల అక్కకి."

పొదిలి వైపు నుంచి వచ్చి, మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోయే ఆవిడ మా వీధి చివర రేకుల షెడ్డులో ఉండేది. ఆ అక్క ఆవిడే.

నాకు కుతూహలం ఆగలేదు. చర్చి కాలిపోయాక ఆ బియ్యం ఏం చేశారని అడిగాను. ఊరంతా డబ్బాలు మోసుకుని అడవిలోకి పోయారట. అక్కడ కాలికి దెబ్బ తగిలి, తనవాళ్లు వదిలేసి పోయిన ఆ సైన్యంవాడే ఒకడు దొరికాడు. ఈమె తల్లి ఆ బియ్యమే వండి వాడికి పెట్టింది.

"మీ చర్చి కాల్చినవాడికా?"

"వీడు కాల్చాడో, పక్కవాడు కాల్చాడో తెలీదండి. అమ్మ ఊరికే పెట్టలేదు, తిడుతూ పెట్టింది. ముందు చేతులు కడుక్కో దున్నపోతా, అంది." నవ్వింది. "మా అన్నయ్య మాత్రం వాడు ఉన్నన్నాళ్లూ ఆ అన్నం ముట్టుకోలేదు. దుంపలు తవ్వుకుని తిన్నాడు."

మర్నాడు టీ కొట్టు దగ్గర, మా వీధిలో పురుగుమందుల షాపు నడిపే ఆయన నన్ను కదిపాడు. "ఏం మాస్టారూ, మీ బర్మా అమ్మాయి డబ్బాలో ఏదో పోగేస్తోందంట?"

"అడవిలో తుపాకీ ఉన్నవాణ్ణి దాచి మేపారటండీ ఆ బియ్యంతో," అన్నాను. వాడు పగవాడని, గాయపడి పడి ఉన్నాడని చెప్పలేదు. అది చెబితే ఎందుకు పెట్టారని అడుగుతారు. ఎందుకో నాకే అర్థం కాలేదు.

"అయితే ఇప్పుడూ వాళ్లకే పంపుతుందన్నమాట," అన్నాడాయన. నేను కాదనకుండా నవ్వాను.

ఆ నవ్వు చాలింది. వీధి పెద్దలు వచ్చి ఖాళీ చేయించమన్నారు. చేయించాను. తాళం ఇస్తూ ఆమె, "మీ మీద కోపం ఉందండి. మీ కోసం ప్రార్థన కూడా చేస్తాను. రెండూ చేస్తాను," అంది. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో అడగాలనిపించింది కానీ మొహం చెల్లలేదు.

నిన్న పురుగుమందుల షాపుకు వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"కాల్చినవాడికే పెట్టారా?"

"వాడికే."

"ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదండీ. మేం పనిగట్టుకుని ఆ అమ్మాయిని తరిమాం."

"మీరు కాదు, నేను."

"సరే, సత్తెనపల్లి వాళ్లకి ఎవరు చెబుతారు?"

"నేనే. రేపు పొద్దున బస్సుకి వెళ్తున్నాను."

ఆయన, "నేనూ వస్తాను. వాళ్లకి చెప్పింది నేనేగా," అన్నాడు. నేను గుమ్మం దాటుతుంటే మళ్లీ పిలిచాడు. "ఇంతకీ ఆ సైనికుడు బతికాడా?"

"తెలియదండీ," అన్నాను. "నేను అడగలేదు."