కనపడకుండా పోయినవాడి పెళ్ళాం

నేను ఒకసారి చచ్చిపోయాను. సరదాకి చెప్పడం లేదు. దర్భలతో నా బొమ్మ చేసి దహనం చేశారు, పెద్దకర్మ జరిపారు, ఊరందరికీ భోజనాలు పెట్టారు. నేనప్పుడు పాకిస్తాన్‌లో ఖైదీగా కూర్చుని ఎండు రొట్టె నములుతున్నాను. నా పెద్దకర్మలో గారెలు బాగా కుదిరాయని తర్వాత మా బాబాయే చెప్పాడు. ఏమనాలి ఆ మనిషిని!

డెబ్బై ఒకటి యుద్ధంలో నేను పడమటి సరిహద్దులో సిపాయిని. ఒక తెల్లవారుజామున పొగమంచులో మా ప్లటూన్ చెల్లాచెదరైంది. తొడలో తూటా దిగి పడి ఉన్న నన్ను అవతలివాళ్ళు మోసుకెళ్ళారు. మా ఇంటికి మాత్రం ‘మిస్సింగ్’ అని టెలిగ్రాం వెళ్ళింది. మా ఊరి పోస్టుమాస్టరు గారు అది చదివి, “మీవాడు యుద్ధంలో కనపడకుండా పోయాడండి” అన్నారట. మా అమ్మ చెవిన చివరి మాటే పడింది. పోయాడు. అంతే, గుండెలు బాదుకుంది. వీధి వీధంతా ఏడుపు అందుకుంది. ఆ గోలలో, తన మాటకి ముందు ఇంకో మాట ఉందని చెప్పే ధైర్యం పోస్టుమాస్టరు గారికి కూడా లేకపోయింది.

మా ఆవిడ ఒక్కతే అడిగిందట, “కనపడకపోవడం, పోవడం ఒకటేనా అండి?” అని. మాకు పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కొత్తకోడలి మాట ఎవరు వింటారు? నెలలు గడిచినా కబురు లేకపోయేసరికి పెద్దలు కూర్చుని కర్మ చేయించేశారు. బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, తాళి తెంపారు. తను మెడకి చేతులు అడ్డం పెట్టుకుంటే, నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని మరీ తెంపారట.

అవతల నా సంగతి వేరు. కొట్టారా, తిండి పెట్టారా అనే అందరూ అడుగుతారు. కొట్టారు, పెట్టారు. నన్ను తినేసింది అది కాదు, తెలుగు వినపడకపోవడం. పక్కనున్నవాళ్ళంతా పంజాబీలు, డోగ్రాలు. మంచివాళ్ళే, వాళ్ళ రొట్టెలో ముక్క విరిచి నాకు పెట్టినవాళ్ళే. వాళ్ళతో హిందీలో మాట్లాడేవాణ్ణి. కానీ హిందీలో బెంగపెట్టుకోవడం నాకు చాతకాలేదు. అందుకని గోడ మీది బల్లితో మాట్లాడేవాణ్ణి. మన భీమవరం వైపు మర్యాద ఎక్కడికి పోతుంది, దాన్ని కూడా “ఏమండీ, కులాసాయేనా అండి” అనే పలకరించేవాణ్ణి. కాపలావాడు నాకు పిచ్చెక్కిందని నవ్వుకునేవాడు. కళ్ళు మూసుకుంటే చాలు, మా ఆవిడ కనిపించేది, ఇంత బొట్టుతో, చేతినిండా గాజులతో, మెడలో కొత్త పసుపుతాడుతో. ఆ రూపాన్నే పట్టుకుని బతికాను. నేను రాసిన కార్డులు ఒక్కటీ ఇల్లు చేరలేదని నాకేం తెలుసు?

వదిలిపెట్టాక భీమవరంలో రైలు దిగి ఊరు చేరాను. నేను వస్తున్నానన్న కబురు నా తర్వాత రెండు రోజులకి వచ్చింది! అమ్మ నన్ను చూసి దయ్యమనుకుని కెవ్వుమంది. ఆ కేకకి పెరట్లోంచి మా ఆవిడ వచ్చింది. బోసి నుదురు, బోసి చేతులు. గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తను మాత్రం ఏడవలేదు. “భోంచేశారా?” అని అడిగింది.

పురోహితులు గారు వచ్చి, కర్మ జరిగిపోయింది కాబట్టి నేను మళ్ళీ పుట్టాలన్నారు. పుట్టాను. ఒళ్ళంతా నెయ్యి రాసి స్నానం చేయించి, మీసాలున్నవాడికి బారసాల చేసి, పళ్ళెంలో బియ్యం మీద పేరు రాశారు. ఊరంతా ఒకటే నవ్వు. ఇక మిగిలింది పెళ్ళి. నా పెళ్ళాన్నే నేను మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

ఆవిడ ససేమిరా అంది.

“నాకు పెళ్ళయిపోయిందండి. అప్పుడు వద్దు మొర్రో అన్నా తెంపారు. రేపు మీరు మళ్ళీ సరిహద్దుకి వెళతారు, మళ్ళీ ఎవరో ఓ కాగితం పట్టుకొస్తారు, మళ్ళీ వీళ్ళే వచ్చి తెంపుతారు. నా మెడ మీద ఇంకోసారి చెయ్యి వెయ్యనివ్వను. బొట్టూ వద్దు, గాజులూ వద్దు.”

మిలిటరీ వదిలేసి వచ్చాక అడిగాను. పండక్కీ పబ్బానికీ అడిగాను. బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. “ఆకలేస్తే మీరే తింటార్లెండి” అనేసి తన పని తను చూసుకునేది. భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాక అద్దె ఇల్లు చూడబోతే, ఇంటాయన “మీ చెల్లెలు గారాండి? పాపం, ఈ వయసులోనే” అన్నాడు. నాకు నషాళానికంటింది. ఆవిడేమో కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. పేరంటాలకి ఎవరూ పిలిచేవారు కాదు, పెళ్ళివారు ఎదురొస్తే పక్కకి తప్పుకునేవారు. అన్నీ భరించింది. నా మీద ప్రేమ లేకనా? నా చొక్కా గుండీ ఊడితే నాకంటే ముందు ఆవిడకే తెలిసేది. పిల్లలు లేరు మాకు, ఒకరికొకరమే. అయినా నిజం చెప్పొద్దూ, ఆ బోసి మెడ చూసినప్పుడల్లా నేనింకా తిరిగి రాలేదేమో అనిపించేది. కట్టుకున్న మనిషి ఒప్పుకుంటేనే కదా మొగుడు బతికున్నట్టు!

పోయిన వానాకాలం జ్వరంతో మంచం పట్టింది. వారం తిరక్కుండానే వెళ్ళిపోయింది. వీధిలోవాళ్ళు వచ్చారు. అందరూ కొత్తగా వచ్చినవాళ్ళే, రొయ్యల చెరువులవాళ్ళు, కాలేజీ పిల్లల తల్లులు. ఏర్పాట్లు చూస్తున్న ఒక పెద్దావిడ, “పసుపూ కుంకాలూ అక్కర్లేదులేమ్మా, ఆవిడకి ఆయన లేరుగా” అంది. నేను ఆ పక్కనే కుర్చీలో ఉన్నాను.

“ఉన్నానమ్మా,” అన్నాను. “నేనే ఆవిడ మొగుణ్ణి.”

ఆ పెద్దావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంటికి పరిగెత్తి, కుంకం, పూలు, గాజులు, పసుపుకొమ్ము కట్టిన తాడు తెచ్చింది. “మీ చేత్తో కట్టండి అన్నయ్యగారూ” అంది.

తాడు పట్టుకుని ఆవిడ పక్కన నిలబడ్డాను. యాభై ఏళ్ళు వద్దన్న మనిషి. ఇప్పుడు వద్దనలేదు కదా అని కట్టెయ్యడం న్యాయమేనా? కానీ ఇంకెవరు తెంపుతారు? ఇక ఏ కబురు వచ్చినా ఆవిడకి వినపడదు.

కట్టాను. మొదటి ముడి జారిపోతే మళ్ళీ వేశాను. మూడో ముడి వేసి చెవి దగ్గరికి వంగి, “నీకిష్టం లేదని తెలుసు. కోపమొస్తే లేచి తిట్టు” అన్నాను. అలాగే వంగి చూశాను. తన మాట కాదన్నందుకు ఆవిడ నన్ను ఏమీ అనకపోవడం అదే మొదటిసారి.