కొండకర్ల ఆవ దగ్గర నేను వేసిన బాణం గుర్తు

నవ్వమని మాటిస్తేనే చెప్తాను. ఏటి, అప్పుడే నవ్వుతున్నారా! ఇంకా మొదలే పెట్టలేదు కదండీ! మొన్న శనివారం పొద్దున్న కొండకర్లలో ముప్పై మందిని పరిగెత్తిద్దామని వెళ్ళి, ఊరి ఆడాళ్ళ చేత చీపురు దెబ్బలు తినబోయి, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను. టీ తాగుతూ వినండి, కానీ గ్లాసు జాగ్రత్త.

ముందు మా మావయ్యగారి గురించి చెప్పాలి. మా ఆవిడ సుశీల వాళ్ళ నాన్న. రిటైరైన డ్రిల్లు మాస్టారు. అరవై దాటినా నిటారుగా నడుస్తారు, నవ్వితే పళ్ళు అరిగిపోతాయన్నట్టుంటారు. మా పెళ్ళై ఆరేళ్ళైంది. నాకు టీచరు పోస్టు వచ్చిందని చెప్తే "ఊఁ" అన్నారు. స్కూటరు కొన్నానంటే "ఊఁ" అన్నారు. కొడుకు పుట్టినప్పుడు వాణ్ణి ఎత్తుకుని "బావున్నాడు" అన్నారు, నా వైపు చూసి మళ్ళీ "ఊఁ" అన్నారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయన నోటితో "శభాష్ అల్లుడూ" అనిపించుకోవాలని నాకు పిచ్చి పట్టుదల.

ఈ ఏడాది పొట్ట తగ్గించుకుందామని నేను పరుగు మొదలెట్టేను కదా. సెలవు రోజుల్లో స్కూటరేసుకుని కొండకర్ల పోయేవాణ్ణి. అబ్బ, ఏం చోటండీ అది! ఒక దారి ఆవ గట్టు మీదే, అంటే ఆ పెద్ద చెరువు గట్టు మీదే పోతుంది. ఒక పక్క నీళ్ళ నిండా తామరాకులు, ఇంకో పక్క వరి చేలు. రెండు తాటి దుంగలు కలిపి కట్టిన దోనెల మీద చేపలాళ్ళు నిలబడి పోతుంటే, మన పరుగు ఆగిపోయి వాళ్ళనే చూస్తూ నిలబడతాం. చలికాలం ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాల్తాయి. ఇంకో దారి కొండ వారగా తాటిచెట్ల మధ్య. మూడోది చెరుకు తోటల్లోంచి, రెండు వైపులా మనిషెత్తు చెరుకు, గాలి కూడా తియ్యగానే ఉన్నట్టుంటుంది! ఏ దారిలో పోయినా ఎత్తూ పల్లం లేదు, లారీల గోల లేదు. ఆయాసం వస్తే ఆగి, పక్షుల్ని చూస్తున్నట్టు నటించొచ్చు. నేను అలాగే చేసేవాణ్ణి.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్‌కి ముందు మా చర్చి యూత్ ఐదు కిలోమీటర్ల పరుగు పెడదామన్నారు. "రూటు ఎవరు చూసుకుంటారు?" అని పాస్టరుగారు అడగడం పూర్తవలేదు, నా చెయ్యి పైకి లేచిపోయింది. ఎందుకంటే ముందు వరసలో మా మావయ్యగారు కూచుని, తానూ పరిగెడతానని పేరిచ్చేరు! ఇంతకంటే మంచి అవకాశం నాకు జన్మలో వస్తుందా?

బయటికి వచ్చేక ఆయన ఒకే మాట అన్నారు. "మలుపు మలుపుకీ ఒక మనిషిని నిలబెట్టు."

"ఎందుకండీ మావయ్యగారూ! సున్నంతో బాణం గుర్తులేసేస్తాను. చదువుకున్న పిల్లలు, బాణం చూసి తిరగలేరా ఏటి!"

"ఊఁ," అన్నారు.

శుక్రవారం బడి వదిలేక సున్నం సంచీ పట్టుకుని కొండకర్ల వెళ్ళేను. మొత్తం రూటులో అసలు మలుపు ఒక్కటే. ఊరి చివర మూడు దార్లు కలిసే చోటు. ఎడమకి తిరిగితే ఆవ గట్టు, తిన్నగా పోతే చెరుకు తోటలు. అక్కడ ఎడమ వైపు చూపిస్తూ ఇంత పొడుగు బాణం వేసేను. మావయ్యగారికి కళ్ళు కొంచెం తక్కువ ఆనుతాయని గుర్తొచ్చింది. బళ్ళో ముగ్గుల పోటీకి తెచ్చిన ఎర్ర రంగు మిగిలితే సంచీలో ఉంది. బాణం మధ్యలో అదీ బాగా దట్టంగా జల్లేను. చెదిరిపోకుండా చుట్టూ రాళ్ళు పేర్చేను. పనైపోయేసరికి సందెపడింది, గొంతెండిపోయింది. సీసాలో నీళ్ళల్లోకి ఒక నిమ్మకాయ కోసి పిండుకుని తాగి, ఆ రెండు చెక్కలూ అక్కడే పారేసేను. నా బాణాన్ని నేనే చూసుకుని మురిసిపోయి ఇంటికొచ్చి పడుకున్నాను.

ఆ రోజు అమావాస్య. నాకేం తెలుసండీ! మా ఇంట్లో ఉన్నది చర్చి కేలండరు, అందులో వాక్యాలుంటాయి గానీ తిథులుండవు.

శనివారం తెల్లారింది. పాస్టరుగారు ఊరి మొదట్లో విజిలేస్తారు, ఆవ గట్టు మీద పరుగు పూర్తవుతుంది. గట్టు మీద రిబ్బను ఒక కొస నేనూ, రెండో కొస సుశీలా పట్టుకుని నిలబడ్డాం. మంచు పలచబడుతోంది, పక్షులు లేస్తున్నాయి, తామరపూలు విచ్చుకుంటున్నాయి. "మీ నాన్నగారు ఈ దారి చూస్తే ఇంక మాట రాదు చూడు," అన్నాను.

"ఆయనకి ఎప్పుడొచ్చింది గనక," అంది సుశీల.

పాస్టరుగారు ఫోను చేసేరు. "బయల్దేరేరయ్యా! మీ మావగారే ముందున్నారు!" అంతే, సిగ్నల్ పోయింది.

అరగంటైంది. ఎవరూ రాలేదు. ముప్పావు గంటైంది. ఒక గేదె వచ్చింది, రిబ్బను కిందనించి దూరి నీళ్ళలోకి దిగిపోయింది. గంటైంది.

"ఏవండీ, మీ రూటు ఐదు కిలోమీటర్లా, అనకాపల్లి దాకానా?" అంది సుశీల.

ముప్పై మంది మనుషులు! అందులో మావయ్యగారు! రిబ్బను ఆవిడ చేతిలో పడేసి స్కూటరెక్కేను.

మూడు దార్ల దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, నా బాణం లేదు! రాళ్ళు లేవు, రంగు లేదు. నేలంతా పేడనీళ్ళతో కల్లాపి జల్లి, పచ్చగా మెరుస్తోంది. చుట్టూ ఎనిమిది మంది ఆడాళ్ళు చీపుళ్ళు పట్టుకుని గుసగుసలాడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. స్కూటరు స్టాండేసి, క్లాసులో అడిగినట్టే అడిగేను.

"ఇక్కడ బాణం గుర్తుండాలి కదమ్మా! ఎవరు చెరిపేసేరు?"

అందరిలోకీ పెద్దావిడ, తర్వాత తెలిసింది ఆవిడ పేరు నరసమ్మని, ఒకడుగు ముందుకేసింది. "ఆ సున్నం నువ్వేనేటి బాబూ ఏసింది?"

"నేనే! నిన్న సందేళ నా చేత్తో నేనే వేసేను!"

"ఆ ఎరుపు?"

"అదీ నేనే!"

"కోసిన నిమ్మకాయి?"

"అదీ నాదే! అయితే ఏటి?"

"ఓలమ్మో! ఈడేనర్రా! సిల్లంగి ఎట్టినోడు దొరికిపోనాడు!"

ఎనిమిది చీపుళ్ళు ఒక్కసారి లేచేయి! అప్పుడు వెలిగింది నా బుర్రలో. అమావాస్య, మూడు దార్లు, సున్నం, ఎరుపు, నిమ్మకాయ. చేతబడి చేసేవాడు కూడా అంత పద్ధతిగా చేసి ఉండడు!

"అమ్మా, అమ్మా, ఆగండమ్మా! చేతబడి కాదు, పరుగు పందెం! నేను బడి పంతుల్ని!"

"పంతులువైతే అమాస పూట ఇలాటి పన్లేటి నీకు? పొద్దున్న మా గేది పాలు ఇవ్వనేదు!" అంది నరసమ్మ.

గేదె కాళ్ళు కూడా పట్టుకుంటానని దణ్ణం పెట్టి, పరిగెత్తే వాళ్ళు ఎటు పోయేరో చెప్పమని బతిమాలేను. తిన్నగా చెరుకు తోటల్లోకి పోయేరట. పోలీసులు తరుముతున్నారేమో అనుకున్నారట వీళ్ళు. నేను స్కూటరు మీద, నా వెనక చీపుళ్ళతో నరసమ్మ సైన్యం. అలా బయల్దేరేం.

చెరుకు తోటల మధ్య ఒక రైతు బెల్లం వండుతున్నాడు. పొగ, వాసన, పెద్ద పెనంలో పాకం కుతకుతా ఉడుకుతోంది. ఆ పెనం చుట్టూ మన ముప్పై మందీ! ఒకడు చెరుకు రసం తాగుతున్నాడు, ఒకడు చెరుకు నవుల్తున్నాడు. మధ్యలో మావయ్యగారు అరిటాకు ముక్కలో వేడి బెల్లం పెట్టుకుని, ఊదుకుంటూ, నవ్వుతున్నారు. నవ్వుతున్నారండీ! నేను ఆరేళ్ళలో చూడలేదు!

"రావయ్యా అల్లుడూ! గుర్తు లేని చోట తిన్నగా పోవాలి, అది రూలు. వచ్చేం. పరుగు ఆఖర్న వేడి బెల్లం పెట్టించడం నీ ఆలోచనేనా?"

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. "అవునండీ మావయ్యగారూ... సర్‌ప్రైజుగా ఉంటుందనీ..."

ఆయన బెల్లం పక్కన పెట్టేరు. లేచేరు. నా భుజం మీద చెయ్యేసేరు. నోరు తెరిచి "శభా—" అన్నారు.

"ఈడే!" అని వెనకనించి నరసమ్మ గొంతు. "సిల్లంగి ఎట్టిందీడే!"

ఇంకేముంది, కథంతా బయటపడిపోయింది. భుజం మీది చెయ్యి వెనక్కి పోయింది. "మలుపు మలుపుకీ మనిషిని పెట్టమన్నాను," అన్నారు మావయ్యగారు, అంతే. పెట్టినోడే కడిగితే గానీ దోసం పోదని నరసమ్మ తీర్పు చెప్పింది. ఒక్క కూడలే కాదు, వాళ్ళ ఈధి ఈధంతానట! అవునవును, అదే న్యాయమని ముందుగా తలూపింది ఎవరనుకున్నారు? అందర్నీ వెతుక్కుంటూ అప్పుడే అక్కడికొచ్చిన మా పాస్టరుగారే!

అందరం ఊళ్ళోకి నడిచేం. నా ట్రాక్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిపించి, చేతికి పేడనీళ్ళ బకెట్టిచ్చేరు. ముప్పై మంది వీధి వారన నిలబడి చెరుకు నవుల్తూ చూస్తున్నారు. రిబ్బను చుట్టుకుంటూ సుశీల కూడా వచ్చి చేరింది. మావయ్యగారు చేతులు వెనక్కి కట్టుకుని నా పక్కనే నడుస్తూ డ్రిల్లు మొదలెట్టేరు. "నడుం వంచు! మణికట్టు తిప్పు! విసిరి జల్లు!" సిగ్గుతో చచ్చిపోతూ వీధి ఆ చివర నించి ఈ చివర దాకా జల్లేను, ఊడ్చేను, మళ్ళీ జల్లేను.

అయిపోయేక ఆయన వంగి నేలంతా పరీక్షగా చూసేరు. నరసమ్మ వైపు చూసేరు, ఆవిడ తలూపింది. అప్పుడు, అందరూ వినేలాగ, గట్టిగా అన్నారు.

"శభాష్ అల్లుడూ! ఒక్క చోట ఎక్కువ లేదు, ఒక్క చోట తక్కువ లేదు. పనంటే ఇలా ఉండాలి!"

ఆరేళ్ళు కాచుకున్న మాటండీ! కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి, పేడ చేత్తో తుడుచుకోడానికి కూడా లేదు. పట్టలేని ఆనందంతో సుశీల వైపు తిరిగేను. ఆవిడ నన్ను చూట్టం లేదు, నేను జల్లిన కల్లాపిని చూస్తోంది, చాలా శ్రద్ధగా.

ఆదివారం నించీ మా ఇంటి ముందు కల్లాపి ఎంత బావుంటోందో! వీధిలో అందరూ మెచ్చుకుంటున్నారు. ఎవరు జల్లుతున్నారో మాత్రం అడక్కండి.