ఇట్లే చేస్తే సాలా అన్నా?

తొమ్మిదేళ్లుగా నేను ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు, మా ఆవిడకు కూడా. నేను మంచివాణ్ణని, పదిమందికి పని నేర్పి పైకి తెచ్చినవాణ్ణని నలుగురూ అంటుంటారు. నా ముందే ఆ మాట అంటే ఇప్పటికీ మాట మార్చేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఆదివారం లోపల ఎవరికో ఒకరికి చెప్పకపోతే, అదే తప్పు రెండోసారి చేస్తానేమోనని భయంగా ఉంది.

అతన్ని మస్తాన్ అంటాను. అసలు పేరు వేరే. కొత్తచెరువు నుంచి వచ్చాడు, వాళ్ల నాయన టైలరు. అనంతపురంలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక కంపెనీలో నేను పాతకాపును, అతను కొత్తగా చేరి స్తంభాలెక్కి కేబుల్ లాగేవాడు. మాలో చాలామంది వైరు లాగి, దిగి, టీ తాగి ఇంటికి పోయేవాళ్లు. ఆ వైరు లోపల ఏం పోతుందో అడిగినవాడు అతనొక్కడే. అడిగాడు కదా అని నేర్పాను. నేర్పడం నాకు ఇష్టమనుకునేవాణ్ణి. నాకన్నా తక్కువ తెలిసినవాళ్లు నా ఎదురుగా కూర్చోవడమే నాకు ఇష్టమేమో!

అప్పట్లో నేను నెట్‌వర్కింగ్‌లో పెద్ద ల్యాబ్ పరీక్షకు తయారవుతున్నాను. కాగితం మీద రాసే పరీక్ష కాదు. బెంగుళూరులో ఒక గదిలో ఎనిమిది గంటలు కూర్చోబెట్టి, రౌటర్లు, స్విచ్‌లు అనే పెట్టెలు అప్పగించి, వాటితో నెట్‌వర్కు కట్టమంటారు, చెడిపోయినదాన్ని బాగు చేయమంటారు. నేను రెండుసార్లు తప్పాను. మొదటిసారి తప్పిన కారణం ఎంత చిన్నదంటే సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు, మస్తాన్‌కూ చెప్పలేదు. ఆ కారణం ఏమిటో కాస్త ఆగి చెబుతాను.

మూడోసారి తయారవుతుంటే మస్తాన్ కూడా నాతో కూర్చున్నాడు. కంపెనీలో నెట్‌వర్కు మొత్తం చూసుకునే పోస్టు ఒకటి రాబోతోంది, ఆ పరీక్ష పాసైనవాళ్లకే ఇస్తామన్నారు. ఒకటే పోస్టు. పైగా ఆ నెలాఖరుకు పరీక్ష సిలబస్ మారిపోతోంది. ఆ లోపల పాసవకపోతే మళ్లీ అ ఆల నుంచి మొదలు.

నా అద్దె గదిలో ఇనుప ర్యాకు మీద పాత రౌటర్లు పేర్చి ఉండేవి. అది ఎండాకాలం. కిటికీకి తడిపిన గోనెపట్ట కట్టి, ఉన్న ఒక్క ఫ్యానూ వాటివైపే తిప్పేవాళ్లం. మనం ఉడికిపోయినా పర్లేదు, పెట్టెలు సల్లగుండాల అని మస్తాన్ నవ్వేవాడు. సెలవు రోజుల్లో పొద్దున కూర్చుంటే సాయంత్రానికి గానీ లేచేవాళ్లం కాదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. రౌటరుకు మనం ఏ ఆదేశం ఇచ్చినా అది వెంటనే పని చేస్తుంది. కానీ సేవ్ చేయకపోతే, కరెంటు పోయి వచ్చేసరికి ఆ పెట్టెకు ఏదీ గుర్తుండదు. మాకేమో చెప్పాపెట్టకుండా కరెంటు పోయేది. రెండుసార్లు మూడేసి గంటల పని గాలికి పోయాక, నాలుగు లైన్లు కొట్టడం, ఒకసారి సేవ్ చేయడం ఇద్దరికీ అలవాటైపోయింది. ఆ తర్వాత నేను ఇన్వర్టర్ పెట్టించాను. కరెంటు పోయినా పెట్టెలు ఆగడం లేదు. వారం తిరిగేసరికి మస్తాన్ సేవ్ చేయడం మానేశాడు.

మానేశాడని అతనికే తెలియదు. నాకు తెలుసు. వెనక స్టూలు మీద కూర్చొని చూసేవాణ్ణి కదా. టైము అయ్యాక అతని భుజం మీదుగా వంగి, సేవ్ నేనే కొట్టి, ఆ తర్వాత మార్కులు వేసేవాణ్ణి. మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చని మొదట్లో మంచికే చేశాను. నిజంగా మంచికే. ఎన్నో రోజు నుంచి అది మంచి కాకుండా పోయింది? ఎంత వెనక్కి వెళ్లి వెతుక్కున్నా ఆ రోజు నాకు దొరకదు. అతను నాకన్నా నలభై నిమిషాల ముందు ముగించిన రోజు మాత్రం బాగా గుర్తుంది. శభాష్ అన్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పరీక్షలో మార్కులు వేసే ముందు పెట్టెలన్నీ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. సేవ్ చేయనిది చేయనట్టే. మొదటిసారి నేను తప్పింది అందుకే, ఒక్క రౌటరు మరిచిపోయాను. మస్తాన్ అన్నీ మరిచిపోతాడని నాకు తెలుసు. పరీక్ష లోపలి సంగతులు బయట చెప్పనని సంతకం పెట్టాను కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఎంత పెద్దమనిషి తరహా! ఆ నియమం సూచనల మొదటి పేజీలోనే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు. కంగారులో ఎవరూ చదవరు, అంతే.

అతని పరీక్ష నాకన్నా వారం ముందు. బెంగుళూరు బస్సు ఎక్కించడానికి మధ్యాహ్నం బస్టాండుకు వెళ్లాను. వాళ్ల నాయన కుట్టిన కొత్త ఫుల్ చేతుల చొక్కా వేసుకొచ్చాడు. ఆ గదిలో ఏసీకి చలేస్తుందని నేనే చెప్పాను మరి. చలి గురించి చెప్పాను. ఇద్దరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెచ్చి, తనది తినకుండా పట్టుకొని నిలబడ్డాడు.

"అన్నా, నిజం చెప్పు. ఇన్ని దినాలూ నా ఎనకాలే కూసోని సూసినావు. నేను చేసే తప్పేమన్నా ఉండాదా?"

"ఏం లేదప్పా. ఇట్లే చెయ్యి."

"ఇట్లే చేస్తే సాలా అన్నా?"

"సాలు. ధైర్యంగా పోయిరా."

అప్పుడు బజ్జీ కొరికాడు. నా మాట విన్నాక గానీ అతనికి ఆకలి తెలియలేదు. బస్సు కదిలాక కూడా ఫోన్ చేసి చెప్పొచ్చు. సేవ్ చెయ్యి మస్తాన్. మూడు మాటలు. ఫోన్ చేతిలోనే ఉంది. ఆ సాయంత్రమంతా చేతిలోనే ఉంది.

తప్పాడు. నా గదికి వచ్చి రిపోర్టు ఫోన్‌లో చూపించాడు. అన్ని భాగాల్లోనూ అడుగునే. మొత్తం చేశానని, గంట ముందే అయిపోతే మళ్లీ ఒకటొకటీ సరిచూసుకున్నానని, అన్నీ పని చేస్తుండగానే లేచి వచ్చానని చెప్పాడు. యాడ తప్పిందో తెలీలేదన్నాడు. నాకు తెలుసు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? అప్పటికి నాతో పోటీ కూడా లేదు. కానీ చెబితే, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. కాసేపు పెట్టెల వైపు చూసి, "నాకంత తలకాయ లేదులే అన్నా" అని లేచాడు.

ఇన్నేళ్లూ ఆ పోస్టు దొంగిలించానని అనుకుంటూ వచ్చాను. అది కాదు. ఆ మాటను సరిదిద్దకుండా అతన్ని గడప దాటనిచ్చాను. దొంగతనం అక్కడ జరిగింది.

వారం తర్వాత నేను పరీక్షకు వెళ్లాను. ప్రతి నాలుగు లైన్లకూ సేవ్ కొట్టాను. కొట్టిన ప్రతిసారీ, ఇట్లే చేస్తే సాలా అన్న మాట వినిపించింది. పాసయ్యాను. పోస్టు నాదైంది. నా పనిలో రోజుకు ఇరవైసార్లు సేవ్ కొట్టాలి. ఇప్పటికీ వినిపిస్తుంది.

మస్తాన్ ఊరికి వెళ్లిపోయాడు. కొత్తచెరువులో అంగళ్లకు సీసీ కెమెరాలు బిగిస్తాడు. పండక్కి ఫోన్ చేస్తాడు, నేర్పినవాణ్ణి నేనేనని అందరికీ చెబుతాడు. మొన్న మళ్లీ చేశాడు. వాళ్ల చెల్లెలు షాహిన డిగ్రీ అయిపోయి, నెట్‌వర్కింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టిందట. "మన ఇండ్లల్లో ఆ తలకాయ లేదమ్మా అంటే ఇనదన్నా. ఆదివారం పిల్చుకొస్తా. వద్దని నువ్వొక మాట చెప్పు, నీ మాటయితే ఇంటాది."

ఇంటాది. నా మాట వినడమే కదా ఆ ఇంటికి పట్టిన పీడ!

ఆదివారం ఎదురుగా కూర్చోబెట్టి ఏం చెప్పాలో రెండు రోజులుగా గదిలో ఒంటరిగా పలికి చూసుకుంటున్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను. చెబితే అతను క్షమిస్తాడని నాకేం ఆశ లేదు. క్షమించకూడదు కూడా. ఆ పిల్ల ముందు నా ముఖం ఎలా ఉంటుందో తలుచుకుంటే, ఫోన్ చేసి రావద్దని చెప్పాలనిపిస్తోంది. కానీ ఇక్కడ మీ ముందు ఆ మాట ఒకసారి బయటపడితే, అక్కడా పడుతుందేమో.

మస్తాన్, నీకు తలకాయ లేక కాదప్పా. నువ్వు ఆ పొద్దు పరీక్షలో అంతా సరిగ్గానే చేసినావు. సేవ్ చెయ్యలేదు, అంతే. నువ్వు సేవ్ చెయ్యవని నాకు తెలుసు. నువ్వు అడిగినావు. నేను చెప్పలేదు.