రెండో అంతస్తు రీడింగు

దెయ్యాల ప్రస్తావన వస్తే లేచి వెళ్లి టీ పెట్టుకునే రకాన్ని నేను. మా నాన్నగారు గుడివాడలో సైన్సు మాస్టారు. చిన్నప్పుడు చీకట్లో ఏదో కదిలిందని ఏడిస్తే, టార్చిలైటు చేతికిచ్చి వెళ్లి చూసి రమ్మనేవారు. పెద్దయ్యాక ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. పాత భవనాల వైరింగు మార్చే పనుల్లో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. బందరులో ఏం జరిగిందో మాత్రం చెబుతాను.

బస్టాండుకి కాస్త దూరంలో ఒక పాత ఆఫీసు భవనం. కింద ఒక అంతస్తు, పైన రెండు. ఒకప్పుడు రెండో అంతస్తులో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఉండేది. అది మూసేసి మూడేళ్లయింది. ఓనరు గారు భవనమంతా బాగుచేయించి కొత్త ఆఫీసులకి అద్దెకివ్వాలనుకున్నారు. కరెంటు పని నాకు అప్పగించారు.

సాధారణంగా మీటర్లు చివర్లో పెడతారు. నేను ముందే పెట్టించాను. ఒక్కో అంతస్తుకి ఒక్కో స్మార్ట్ మీటరు. పావుగంటకోసారి ఎంత కరెంటు వాడారో నా ఫోనుకే వచ్చేస్తుంది. పాత వైరింగు ఎంత తాగుతోందో, కొత్తది ఎంత తాగుతుందో పక్కపక్కన పెట్టి చూపించాలని నా సరదా. ఆ తెలివితేటలకి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

భవనానికి వాచ్‌మన్ దానియేలు గారు. అరవై దాటాయి. ఊరు నాగాయలంక. ట్రాన్స్‌పోర్టు కంపెనీలో ఇరవై ఏళ్లు అటెండరుగా చేసి, కంపెనీ పోయాక అక్కడే వాచ్‌మన్‌గా ఉండిపోయారు. మెట్ల కింద చిన్న గదిలో పడుకునేవారు. తాళాలన్నీ ఆయన దగ్గరే ఉండేవి.

మీటర్లు పెట్టిన వారానికి రెండో అంతస్తు రీడింగు నా కంట్లో పడింది. అక్కడ పని ఇంకా మొదలుకాలేదు. ఫ్యాన్లూ లైట్లూ అన్నీ విప్పించేశాను. మిగిలినవి గోడల్లో పాత వైర్లు, మూలగదిలో ఒక స్విచ్‌బోర్డు. అయినా రోజూ నూట ఇరవై వాట్ల దాకా లోడు చూపిస్తోంది. ఒక పాత సీలింగు ఫ్యాను, ఒక ట్యూబులైటు వేస్తే ఎంతవుతుందో సరిగ్గా అంత.

ఉదయం పదిన్నరకి మొదలయ్యేది. ఒంటిగంటకి ఆగేది. రెండింటికి మళ్లీ మొదలై, సాయంత్రం, రాత్రి ఆగకుండా నడిచి, మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆగేది. వరసగా తొమ్మిది రోజులు ఇదే తంతు. లోడు నడుస్తున్నప్పుడే రెండుసార్లు చెప్పకుండా పైకెళ్లి చూశాను. గది ఖాళీ. గచ్చు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

అనుమానం పెనుభూతం అంటారు కదా. రాత్రంతా నడుస్తోందంటే ఎవరో పడుకుంటున్నారన్నమాట. తాళాలు ఎవరి దగ్గరున్నాయి? నేను మెట్లెక్కే చప్పుడు విని సర్దేస్తున్నాడు ముసలాయన, అనుకున్నాను. ఓనరు గారినీ, మా వైర్‌మన్ వీర్రాజునీ పక్కన నిలబెట్టుకుని, పనివాళ్లందరి ముందూ దానియేలు గారి సంచీ విప్పమన్నాను.

ఆయన సంచీ కింద పెట్టి విప్పారు. ఒక లుంగీ, తువ్వాలు, బైబిలు, టిఫిన్ డబ్బా, ఫోను ఛార్జరు, ప్లగ్గు బిగించిన వైరు ముక్క ఒకటి. వైరు ముక్క చూడగానే "ఇదేంటండీ?" అన్నాను, దొంగ దొరికినట్టు. ఆ వైరు ఛార్జరు కోసమేననీ, ఫోను ఛార్జరు నూట ఇరవై వాట్లు లాగదనీ నాకు తెలుసు. చదువుకున్నదాన్ని, తెలియకపోవడమేంటి? తెలిసీ నోరు మూసుకున్నాను.

"నేను పైన కరెంటు వాడలేదు మేడమ్" అన్నారాయన. "ఒట్టు పెట్టుకోవద్దని మా పాస్టరు గారు చెబుతారండి. అందుకని ఒట్టెయ్యను. వాడలేదు, అంతే."

"మీటరు అబద్ధం చెబుతుందా?" అన్నాను.

ఆ సాయంత్రమే ఓనరు గారు ఆయన్ని మానేయమన్నారు. దానియేలు గారు తాళాలగుత్తి నా చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయారు. సైటు రిజిస్టరులో "వాచ్‌మన్ అనుమతి లేకుండా విద్యుత్ వాడినందున తొలగించడమైనది" అని నా చేత్తోనే రాశాను.

మర్నాడు ఉదయం పదిన్నరకి ఫోను చూశాను. రెండో అంతస్తు, నూట పద్దెనిమిది వాట్లు.

తాళాలు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. పైకి పరిగెత్తి తలుపు తీశాను. ఎవరూ లేరు. కిందికొచ్చి వీర్రాజుతో, మీటరు నుంచి రెండో అంతస్తుకి వెళ్లే వైర్లు ఊడదీయించాను. కొసలకి టేపు చుట్టి పక్కకి వంచాడు. ఇక ఆ మీటరు నుంచి కరెంటు వెళ్లడానికి దారే లేదు. అయినా లోడు తగ్గలేదు. మీటరు పాడయిందేమోనని మొదటి అంతస్తు మీటరు ఇక్కడా, ఇక్కడిది అక్కడా మార్చి పెట్టాం. మొదటి అంతస్తు మామూలుగానే ఉంది. రెండో అంతస్తుకి మాత్రం మళ్లీ అవే వేళలు, అవే వాట్లు.

గోడల్లోంచి పాత వైర్లు పూర్తిగా లాగించేశాను. మూలగది స్విచ్‌బోర్డు ఊడబీకించాను. గోడలో గొయ్యి మిగిలింది. ఆ రోజూ పదిన్నరకి మొదలైంది. వీర్రాజు పనిముట్లు సంచీలో వేసుకుని, "ఇది మనవల్ల అయ్యేది కాదు మేడమ్. ముందు ఆ పెద్దాయనకి క్షమాపణ చెప్పి రండి" అన్నాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మర్నాడు బస్సెక్కి నాగాయలంక వెళ్లాను. దానియేలు గారు వాకిట్లో మంచం నులక బిగిస్తున్నారు. లేచి కుర్చీ వేశారు. వాళ్లావిడ మంచినీళ్లిచ్చింది గానీ నా మొహం చూడలేదు. కూతురి అత్తవారింటిదాకా వార్త పాకిందట, దొంగతనం చేస్తే తీసేశారని. నేను తప్పు చేశానండీ అన్నాను. చెప్పాల్సినవన్నీ చెప్పి, ఫోనులోంచి ఆ వేళలు చదివి వినిపించాను.

పదిన్నర అనగానే ఆయన చేతిలో నులక ఆగింది. తెల్లవార్లూ నడిచి తొమ్మిదింటికి ఆగుతోందనేసరికి కళ్లు తుడుచుకున్నారు.

"మూర్తి గారమ్మా" అన్నారు. "మా హెడ్ క్లర్కు. ఆ మూలగది ఆయనదే. పదిన్నరకి వచ్చేవారు. స్విచ్చి మీద ఎప్పుడూ చెయ్యి వేసేవారు కాదు, నేనే వెయ్యాలి, నేనే కట్టాలి. ఒంటిగంటకి భోజనానికి, సాయంత్రం ఇంటికి లేచే ముందు 'కట్టేయమంటారా సార్' అని అడిగేవాణ్ణి. ఆయన ఊఁ అంటే కట్టేవాణ్ణి. ఆ రోజు మూడింటప్పుడు కుర్చీలోనే వాలిపోయారు. ఆటోలో వేసుకుని పరిగెత్తాం. ఆస్పత్రికి చేరకముందే పోయారు. ఆ కంగారులో ఫ్యాను సంగతి ఎవరికి గుర్తుంటుందమ్మా? తెల్లవార్లూ తిరిగింది. పొద్దున్న తొమ్మిదింటికి నేనే వెళ్లి కట్టాను. అడక్కుండా కట్టాను."

నాతో రమ్మని బతిమాలాను. "మీకోసం కాదు, ఆయనకోసం వస్తాను" అన్నారు.

బందరు చేరేసరికి నాలుగయింది. వీర్రాజుని కింద మీటరు దగ్గర నిలబెట్టి, ఫోను లైన్లోనే ఉంచాను. మూలగదిలో గోడలనిండా వైర్లు లాగిన గాడులున్నాయి, పైకప్పు కొక్కెం ఖాళీగా ఉంది. దానియేలు గారు చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్లారు. స్విచ్‌బోర్డు తీసేసిన గొయ్యి పక్కన నిలబడి, కిటికీ వైపు తిరిగి, మామూలు గొంతుతో అడిగారు.

"కట్టేయమంటారా సార్?"

నాకేమీ వినపడలేదు. అది ఖాయంగా చెప్పగలను. ఆయన మాత్రం తల కాస్త వంచి విన్నారు. తర్వాత ఆ గొయ్యిలో చెయ్యి పెట్టి, లేని స్విచ్చిని కిందికి నొక్కారు.

"మేడమ్! సున్నా!" అని ఫోనులో వీర్రాజు అరిచాడు. "పడిపోయింది మేడమ్, సున్నా!"

టైము నాలుగూ పది. ఆ తర్వాత ఆ అంతస్తులో మళ్లీ అలాంటి లోడు కనబడలేదు. ఇప్పుడక్కడ ఒక కంప్యూటర్ల ఆఫీసు నడుస్తోంది. రీడింగులన్నీ సక్రమంగానే ఉన్నాయి. మీటర్లు అమ్మిన కంపెనీకి రాస్తే, రెండు మీటర్లూ పరీక్షించి ఏ లోపమూ లేదన్నారు. నాకు తెలిసిన ఇంజనీర్లకి చూపించాను. తలా ఒక కారణం చెప్పారు. ఊడదీసిన వైర్ల సంగతి చెప్పగానే ఆ కారణాలు వెనక్కి తీసుకున్నారు.

లోడు ఆగిన ఆ రోజే రిజిస్టరు తెప్పించి, నేను రాసిన వాక్యం కొట్టేసి, తప్పు నాదేనని కింద రాసి సంతకం పెట్టాను. పనివాళ్లందర్నీ పిలిచి చదివాను. ఓనరు గారు మళ్లీ ఉద్యోగంలో చేరమన్నారు. దానియేలు గారు వద్దన్నారు. బస్టాండుదాకా నేనే వెంట వెళ్లాను. అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్లే బస్సు కదలబోతుండగా ఉండబట్టలేక, "నామీద కోపం పోలేదాండీ?" అని అడిగాను.

"కోపమెందుకమ్మా" అన్నారు కిటికీలోంచి. "మీటరూ నిజమే చెప్పింది, నేనూ నిజమే చెప్పాను. మీరు దాని మాటే విన్నారు."